యూరప్‌లో హక్కుల పాఠానికి ఒక మంచి కేసు చెబుతారా?

డిగ్రీ పిల్లలకు పొలిటికల్ సైన్స్ చెబుతాను. యూరోపియన్ యూనియన్‌కు పునాది వేసిన, 1951లో ఆరు దేశాలు బొగ్గు, ఉక్కు మీద చేసుకున్న ఒప్పందం వాళ్లకు బాగా ఎక్కుతుంది. అంతకుముందే యుద్ధంలో తలపడిన ఫ్రాన్స్, జర్మనీ ఆయుధాల ముడిసరుకునే ఉమ్మడి అజమాయిషీలో పెట్టాయంటే ఆసక్తిగా వింటారు.

చిక్కంతా హక్కుల దగ్గరే. లక్సెంబర్గ్ కోర్టు యూరోపియన్ యూనియన్‌ది, స్ట్రాస్‌బర్గ్‌లోని మానవ హక్కుల కోర్టు 46 దేశాల కౌన్సిల్ ఆఫ్ యూరప్ అనే వేరే సంస్థది. రెండూ కలిపేసుకుంటున్నారు. యూరోపియన్ యూనియన్ ప్రాథమిక హక్కుల చార్టర్‌కు (హక్కుల పత్రానికి) 2009లో చట్టబలం వచ్చిందని చెబితే, "మరి మామూలు మనిషి ఏ కోర్టుకెళ్లాలి సార్?" అని అడిగారు. అంత మంచి ప్రశ్నకు బట్టీ జవాబు ఇవ్వడం నాకిష్టం లేదు.

అక్కడ చదువుకుంటున్నవాళ్లు, పాఠాలు చెప్పేవాళ్లు ఎవరైనా ఉంటే, పిల్లలే లాయర్లుగా, జడ్జీలుగా క్లాసులో వాదించుకోవడానికి పనికొచ్చే తేలికైన కేసు ఒకటి చెప్పండి. ప్రైవసీ మీదైనా, ఉద్యోగంలో వివక్ష మీదైనా సరే.