సమస్యాపూరణం: ‘సున్న వచ్చినపుడె చూపు గలిగె’

నిర్వాహకుడు: సెప్టెంబరు 5 వస్తోంది. రాధాకృష్ణన్ రాష్ట్రపతి అయిన 1962 నుంచి ఆయన పుట్టినరోజే మనకు గురుపూజోత్సవం. అందుకే ఈసారి మీ బళ్ళో మాస్టారి మీద రాయండి. ఇచ్చింది ఆటవెలది పద్యంలో నాలుగో పాదం, పై మూడూ మీరు పూరించాలి. ఇందులో అయిదూ సూర్యగణాలే (మూడేసి మాత్రల అక్షరాల గుంపులు), సు–చూ యతి (పాదం మొదటి అక్షరానికీ నాలుగో గణం మొదటి అక్షరానికీ పొందిక). సున్నా వస్తే కళ్ళు తిరగాలి గానీ చూపు రావడమేమిటి? ఆ చిక్కు విప్పాలి. ఊరికే గురుస్తుతి చేస్తే ఒప్పుకోను.

గోదారిగట్టు:
పక్కవాని లెక్క పరికించి రాయగా
అయ్యవారు చూసి యలుగలేదు
నాదు దారి నేను నడవగ నేర్పెను
సున్న వచ్చినపుడె చూపు గలిగె

నిర్వాహకుడు: ధార బాగుంది. ‘నాదు’ వ్యాకరణరీత్యా సాధువు కాదు, గణం కోసం చాలామంది వాడేస్తారు. మూడో పాదాన్ని ‘నాకు నేనె చేయ నమ్మకం బిచ్చిరి’ అనండి. అయ్యవారిని ‘నేర్పెను’ అన్న బాధా తప్పుతుంది. అయితే కాపీ కొడితే సున్నా అన్నది అందరికీ తట్టే ఊహే.

పాతపలక:
ఒంటి యొకటి చెంత నొక సున్న నుంచగా
పదిగ మారు వింత పలక పైన
చూపినట్టి నాటి సుద్దముక్కకు మ్రొక్కు
సున్న వచ్చినపుడె చూపు గలిగె

నిర్వాహకుడు: మార్కుల గొడవ వదిలేసి అసలు సున్నానే పట్టుకున్నారు, భేష్! బ్రహ్మగుప్తుడు 628లోనే సున్నాతో లెక్కలకు సూత్రాలు రాశాడు గానీ, మనకది ఒకటో తరగతి పంతులుగారి చేతి మీదుగానే అందింది. ‘ఒంటి–నొక’ యతి సరిపోయింది. ద్రుతాన్ని, అంటే మధ్యలో చేరిన నకారాన్ని, పక్కన పెడితే అచ్చు ‘ఒ’ కదా.

గోదారిగట్టు: పలక మీద బలపం కదండీ? సుద్దముక్క నల్లబల్లకు.

పాతపలక: మా మాస్టారి జేబులో ఎప్పుడూ సుద్దముక్కే. మా మధ్య చతికిలబడి, పలక లాక్కుని దాంతోనే రాసేవారు. చొక్కా అంతా తెల్లగా ఉండేది.

నాలుగుకళ్ళు:
అక్షరాలు బల్ల నలికినట్లే తోచె
కొట్టలేదు సారు కొనిరి జోడు
కంటి లోపమంచు కనిపెట్టి యానాడె
సున్న వచ్చినపుడె చూపు గలిగె

నిర్వాహకుడు: ఇదీ పూరణంటే! విరోధం పూర్తిగా పోయింది. ‘జోడు’ దగ్గర క్షణంసేపు చెప్పులేమో అనుకున్నాను. మూడో పాదంలో ‘కంటి’ వచ్చి ఆదుకుంది.

నాలుగుకళ్ళు: సొంత కథేనండీ. డిక్టేషన్‌లో ముందుండేవాణ్ణి, బోర్డు మీద ప్రశ్నలిస్తే సున్నా. వీడు విన్నది రాస్తాడు, చూసింది రాయలేడని సారే పట్టుకున్నారు. నాన్న డబ్బులిస్తే తీసుకోలేదు.

పాతపలక: ఆ డిక్టేషన్ సంగతి పద్యంలో లేకపోతే ఎలా? ఇంకో ఆటవెలది రావాల్సిందే.