అంగిలి మీద మచ్చ, మానని పుండు, పట్టేసిన దవడ: విశాఖవాసుల అనుభవాలు చెప్పండి

వాల్తేరు కోడలు

మా అత్తగారిది భీమిలి అవతల పల్లెటూరు. అరవై దాటాయి. పెళ్ళి కాకముందు నుంచీ అడ్డపొగ అలవాటు. తెలియనివారి కోసం: చుట్టను నిప్పు ఉన్న వైపు నోట్లో పెట్టుకుని పీలుస్తారు. పండగకు మా ఇంటికి వచ్చి, కట్టుడు పళ్ళు తీసి కడుక్కుంటుంటే అంగిలి నా కంటబడింది. బూడిద పూసినట్టు తెల్లగా ఉంది, అందులో ఆవగింజంత ఎర్రటి చుక్కలు. ఒక పక్క మాత్రం ఆ తెలుపు లేదు, నున్నటి ఎర్ర మచ్చ ఉంది. నొప్పి లేదు, మంట లేదు. "మా అమ్మకూ ఇలాగే ఉండేది" అని కొట్టిపారేస్తున్నారు. నొప్పే లేనిదానికి ఆస్పత్రి ఎందుకని మా వారు కూడా వంత పాడుతున్నారు.

మీ ఇళ్ళలో ఎవరికైనా ఇలా ఉందా? ఎక్కడ చూపించారు? మా వారికి నోరు తెరిస్తే చెవి దగ్గర టక్కుమంటుంది, పాపకు నెలనెలా నోటిపూత. వాటి గురించి కూడా తెలిసినవారు చెప్పండి.

విశ్రాంత దంతవైద్యుడు

అమ్మా, ముందు అత్తగారి సంగతి. ఉత్తరాంధ్రలో పనిచేసిన మాబోటి వాళ్ళకు ఈ అంగిలి బాగా పరిచయం. శ్రీకాకుళం జిల్లా పల్లెల్లో 10,169 మంది నోళ్ళు పరీక్షించి చేసిన అధ్యయనం 1971లోనే అచ్చయింది. అడ్డపొగ అలవాటు ఆడవాళ్ళలోనే ఎక్కువని అందులో తేలింది. మిగతా చోట్ల అంగిలికి క్యాన్సర్ రావడం అరుదు. అడ్డపొగ తాగేవారిలో మాత్రం వేడీ పొగా నేరుగా తగిలేది అక్కడే కాబట్టి అక్కడే వస్తుంది.

మీరు చూసిన ఎర్ర చుక్కలు అంగిలిలోని చిన్న లాలాజల గ్రంథుల నోళ్ళు, వాచి పైకి కనిపిస్తున్నాయి. తెలుపు అంటే పైపొర మందమైందన్నమాట. ఆ రెండింటి కంటే నన్ను కలవరపెట్టేది నున్నటి ఎర్ర మచ్చ. తెల్ల మచ్చ కన్నా ఎర్ర మచ్చ ఎక్కువ ప్రమాదకరం, అది కట్టుడు పళ్ళ ఒరిపిడి వల్ల వచ్చిందా, మరొకటా అన్నది ముక్క తీసి పరీక్ష చేస్తేనే తేలుతుంది. నొప్పి లేదన్న మాటను లెక్కలోకి తీసుకోకండి. నోటి క్యాన్సర్ తొలి దశలో చాలామందికి నొప్పి ఉండదు.

పూర్ణామార్కెట్ బేరం

డాక్టరు గారూ, ప్రతి మచ్చకూ ముక్క పరీక్ష అంటే జనం హడలిపోతారు. మా నాన్నగారికీ బుగ్గ లోపల తెల్లటి పొర వచ్చింది, గాజుగుడ్డతో తుడిస్తే పోయింది. మందు చుక్కలు వేస్తే వారంలో నయమైంది.

విశ్రాంత దంతవైద్యుడు

తుడిస్తే ఊడివచ్చింది కదా, అది శిలీంధ్రం. మధుమేహం ఉన్నవారికి, ఉబ్బసానికి ఇన్‌హేలర్ పీల్చి నోరు పుక్కిలించనివారికి, రాత్రిళ్ళు కట్టుడు పళ్ళు తీయనివారికి వస్తుంది. తుడిచినా పోని తెల్ల మచ్చ వేరు. అది బుగ్గ లోపల, నాలుక పక్కన, నాలుక కింద ఎక్కడున్నా చూపించుకోవాలి. ఏ పుండైనా సరే, రెండు వారాలు దాటినా మానలేదంటే ఇక ఇంట్లో మందులు పూస్తూ కూర్చోకూడదు. గుచ్చుకునే పన్ను వల్ల వచ్చిన పుండైతే ఆ పన్ను అరగదీసిన రెండు వారాల్లో మానాలి. మానకపోతే అదీ పరీక్షకే.

గాజువాక ఆటో

మా తమ్ముడి గురించి రాస్తాను. ఇరవై ఆరేళ్ళు, గుట్కా. మొదట కారం తింటే మంట అన్నాడు. ఉక్కునగరం గేటు దగ్గర మిరపకాయ బజ్జీలకు ప్రాణం పెట్టేవాడు, ఒట్టి ఇడ్లీకి దిగాడు. తర్వాత పానీపూరీ నోట పట్టలేదు, పగలగొట్టుకుని తినేవాడు. డాక్టరు మూడు వేళ్ళు నిలువుగా పేర్చి పళ్ళ మధ్య పెట్టుకోమన్నారు. వాడికి ఒకటిన్నర వేలు పట్టింది. బుగ్గ లోపల వేలుతో తడిమితే దారాలు బిగించి కట్టినట్టు తగిలాయట.

దీనికి మూలం వక్క. గుట్కా మానేసి ఒట్టి వక్కపొడికి మారితే చాలనుకునేవారికి ఇది చెప్పాలి. మానేశాక మంట తగ్గింది. ఇంజెక్షన్లు, నోరు తెరిచే వ్యాయామాలు సాగుతున్నాయి. బిగుసుకున్నది పూర్తిగా వెనక్కి రాదు, ఇంకా బిగియకుండా చూసుకోవాలని మాత్రమే చెప్పారు. దీని నుంచి క్యాన్సర్‌కు దారి ఉంది కాబట్టి ఏళ్ళ తరబడి చూపించుకుంటూనే ఉండాలట. మానడానికి 1800-11-2356 ఉచిత నంబరుకు ఫోను చేశాడు. వాడికి అది పనికొచ్చింది.

సంపెంగ తోట

పాప నోటిపూతకు: చిన్నగా గుండ్రంగా, మధ్యలో పసుపు, చుట్టూ ఎరుపు, వారం పది రోజుల్లో మానిపోతుంటే భయం లేదు. నాకు పదేళ్ళుగా ఉంది. రక్తపరీక్షలో ఐరన్, బి12 తక్కువగా తేలాయి, అవి సరిచేసుకున్నాక రావడం తగ్గింది. నురగ ఎక్కువ వచ్చే పేస్టు కొందరికి పడదు, మార్చి చూడండి. పుండ్లతో పాటు జ్వరం, కళ్ళ ఎరుపు, మర్మావయవాల దగ్గర పుండ్లు ఉంటే మాత్రం వేరే జబ్బు, ఫిజీషియన్‌కు చూపించాలి.

కైలాసగిరి గాలి

మీ వారి దవడకు నా కథ. నాకూ టక్కుమనేది, పట్టించుకోలేదు. ఒకరోజు పెద్దగా ఆవులించాను, తెరిచిన నోరు మూతపడలేదు. మాట రాదు, సొంగ కారుతుంది, పక్కింటివారు పక్షవాతం అనుకున్నారు. క్యాజువాలిటీలో డాక్టరు బొటనవేళ్ళకు గాజుగుడ్డ చుట్టుకుని, నా కింది దవడ పళ్ళ మీద పెట్టి కిందికి, వెనక్కి అదిమారు. కటుక్కుమని కూర్చుంది. తల చుట్టూ కట్టు కట్టి, కొన్నాళ్ళు మెత్తటి తిండే తినమన్నారు. ఇప్పుడు ఆవులింత వస్తే గడ్డం కింద పిడికిలి పెట్టుకుంటాను. ఇంట్లో ఎవరూ లాగి సరిచేయబోకండి.

ఒట్టి శబ్దమే ఉండి నొప్పి లేకపోతే వైద్యమే అక్కరలేదని తర్వాత చెప్పారు. నొప్పి ఉంటే వేడి కాపడం, మెత్తటి ఆహారం, చూయింగ్ గమ్ మానడం. రాత్రి పళ్ళు కొరికేవారికి తొడుగు ఇస్తారు.

పూర్ణామార్కెట్ బేరం

కాపడం అన్నారు కాబట్టి చెబుతున్నా, జ్ఞానదంతం దగ్గర వాపుకు కూడా అదే మేలు. ఉప్పు మూట వేడి చేసి దవడకు పెట్టండి, పన్ను మీద నశ్యం అద్దండి. ఇవాళ రేపు వెళ్తే పీకడం తప్ప మరో మాట చెప్పరు.

విశ్రాంత దంతవైద్యుడు

ఈ సలహా ఎవరూ పాటించకండి. కీలు నొప్పి వేరు, చీము వేరు. చీము పట్టిన వాపుకు బయటి నుంచి కాపడం పెట్టకూడదు. నశ్యం, ఆస్ప్రిన్ బిళ్ళ చిగురు మీద పెడితే అక్కడి చర్మం కాలి తెల్లగా ఊడుతుంది. జ్ఞానదంతం మీద కప్పిన చిగురులో తిండి ఇరుక్కుని వాచినప్పుడు గోరువెచ్చటి ఉప్పునీళ్ళు పుక్కిలించడం మంచిదే, అంతవరకే.

వాపు దవడ కిందికి దిగి రెండు పక్కలా గట్టిపడినా, నాలుక పైకి లేచినా, మింగలేకపోయినా, గొంతు మారినా అది అర్ధరాత్రయినా సరే పెద్దాస్పత్రి అత్యవసర విభాగానికే. ఊపిరి ఆగే ప్రమాదం ఉంటుంది. ఉదయం దాకా ఆగకూడదు.

ఎర్రమట్టి దిబ్బలు

పీకడం గురించి మాత్రం పూర్ణామార్కెట్ బేరం గారన్నది పూర్తిగా కొట్టివేయలేను. మా అమ్మకు ముఖం ఒక పక్క కరెంటు షాక్ కొట్టినట్టు నొప్పి వచ్చేది. క్షణాల్లో పోయేది, మొహం కడుక్కున్నా, గాలి తగిలినా మళ్ళీ వచ్చేది. ఒక క్లినిక్‌లో రెండు మంచి పళ్ళు తీసేశారు, నొప్పి పోలేదు. చివరకు అది ముఖనరం జబ్బని న్యూరాలజిస్టు గుర్తించి కార్బమజెపిన్ ఇచ్చారు. అప్పుడు తగ్గింది. ఎక్స్‌రేలో పిప్పి కనబడకుండా పన్ను తీస్తామంటే రెండో డాక్టరును అడగండి.

ఇంకొకటి: ఎముకలకు జోలెడ్రోనిక్ ఆమ్లం ఇంజెక్షన్ తీసుకున్నవారు పన్ను తీయించుకునే ముందు తప్పక చెప్పాలి. తీసిన చోట దవడ ఎముక మానక బయటపడే ప్రమాదం ఉంది.

వాల్తేరు కోడలు

అందరికీ ధన్యవాదాలు. అత్తగారు "ఇన్నేళ్ళు తాగాను, ఏమైంది?" అంటున్నారు. కట్టుడు పళ్ళు వదులయ్యాయి, సరిచేయిస్తానంటే వస్తానన్నారు! ఎక్కడికి తీసుకెళ్ళను?

గాజువాక ఆటో

మీకు రుషికొండ దగ్గర. గీతం దంత కళాశాలకు వెళ్ళండి. కేజీహెచ్‌లో (కింగ్ జార్జ్ ఆస్పత్రి) కూడా పళ్ళ విభాగం ఉంది. ముక్క పరీక్షలో ఏదైనా తేలితే అగనంపూడిలో హోమీ భాభా క్యాన్సర్ ఆస్పత్రి ఉంది. ఆధార్, రేషన్ కార్డు పట్టుకెళ్ళండి, ఎన్టీఆర్ వైద్య సేవకు (ప్రభుత్వ ఉచిత వైద్య పథకం) అడుగుతారు.

విశ్రాంత దంతవైద్యుడు

దంత కళాశాలలో ఓరల్ మెడిసిన్ విభాగం అని అడగండి. పాత కట్టుడు పళ్ళు వెంట తీసుకెళ్ళండి, మచ్చ ఉన్నచోట అవి ఒరుసుకుంటున్నాయో లేదో చూస్తారు. ఆమె గుండెకు రక్తం పలచబరిచే మాత్రలు వాడుతుంటే ముందే చెప్పండి, మీ అంతట మీరు ఆపేయకండి. షుగరు చీటీ కూడా.

వాల్తేరు కోడలు

ఎకోస్ప్రిన్ వేసుకుంటారు. చీటీ రాసి పెట్టుకున్నాను. సోమవారం పొద్దున వెళ్తున్నాం.