ఇంగ్లిష్ ఫ్రూట్ కేకులో ఎండుపండ్లు అడుగుకు దిగకుండా ఎలా?

ప్రశ్న (తిరుపతి): ఇంగ్లండులో ఇళ్లలో చేసుకునే సాదా ఫ్రూట్ కేకును మద్యం కలపకుండా చేయదలచాను. ఎండుద్రాక్ష అడుగుకు చేరకుండా, పైభాగం మాడకుండా ఏం చేయాలో దయచేసి తెలుపగలరు.

జవాబు (చిత్తూరు): అక్కడి సంప్రదాయ టీ లోఫ్ ప్రయత్నించండి, దానికి వెన్న కూడా అక్కర్లేదు. 300 గ్రాముల ఎండుపండ్లను, 200 గ్రాముల ముదురు గోధుమరంగు చక్కెరను (బ్రౌన్ షుగర్) 250 మి.లీ. పాలు కలపని వేడి టీలో రాత్రంతా నానబెట్టి, ఉదయం టీని వంపేయకుండా ఒక గుడ్డు, 250 గ్రాముల మైదా, రెండున్నర టీస్పూన్ల బేకింగ్ పౌడరు కలిపి, 150 డిగ్రీల వద్ద సుమారు గంటన్నర బేక్ చేయాలి. చక్కెరకు బదులు మన బెల్లం పొడి కూడా సరిపోతుంది, జల్లించి వేస్తే చాలు.

మరో జవాబు: పండ్లకు మైదా అద్దమని అందరూ అంటారు గానీ, అవి అడుగుకు దిగడానికి అసలు కారణం పిండి పలుచనవడమే, గరిటె నుంచి బరువుగా జారేలా ఉంటే అవి కదలవు. గంట తర్వాత పైన ఫాయిల్ కప్పండి.

ప్రశ్నించినవారు: ధన్యవాదాలండీ. గుడ్డు మానేస్తే పెరుగు సరిపోతుందా?

జవాబు (చిత్తూరు): నాలుగు టేబుల్ స్పూన్లు చాలు, కాకపోతే ముక్క కాస్త పొడిపొడిగా రాలుతుంది.