రోజూ జరిగే స్టాండప్‌లో ఓనరు ఉండాలా, బయటే ఉండాలా?

బురుజు_కర్నూలు:
మన పక్క పదిమంది లోపు పనిచేసే సాఫ్ట్‌వేర్ ఆఫీసుల్లో ఎజైల్ (పనిని చిన్న ముక్కలుగా చేసి, తరచూ సరిదిద్దుకుంటా పోయే పద్ధతి) అంటే పొద్దున్నే స్టాండప్ (అందరూ నిలబడి పావుగంటలో పని సంగతి చెప్పుకునే మీటింగు) ఒక్కటే మొదలుపెడతాండారు. అందులో ఓనరు కూడా వచ్చి నిలబడతాడు. మొదటి మూడు నెలలు ఆయన అక్కడ ఉండకూడదని నా వాదన. ఆయన ఉంటే పక్కోడికి చెప్పాల్సిన మాట కూడా ఆయనకే లెక్క ఒప్పజెప్పినట్టు అయిపోతుంది. నిన్న ఏం చేసిందీ, ఈరోజు ఏం చేసేదీ గడగడా చెప్తారు గానీ 'ఇక్కడ ఇరుక్కున్నా' అని ఒక్కరూ నోరు తెరవరు. పావుగంట కాస్తా ముప్పావుగంట అవుతుంది. ఎజైల్‌లో ఒక పద్ధతైన స్క్రమ్‌కు నియమాల పుస్తకం స్క్రమ్ గైడ్. దాని 2020 కూర్పులో 'నిన్న ఏం చేశావు, ఈరోజు ఏం చేస్తావు, అడ్డమేంటి' అన్న పాత మూడు ప్రశ్నల్నే తీసేశారు. ఆ పదిహేను నిమిషాలు డెవలపర్లవి.

పెన్నా_కడప:
అన్నా, అదే గైడ్‌లో ఇంకో మాట ఉంది. ప్రొడక్ట్ ఓనరు (ఏ పని ముందో తేల్చే మనిషి, మన చిన్న ఆఫీసుల్లో ఓనరే) స్ప్రింట్ (కొన్ని వారాల పని విడత) పనిలో తానూ చేయి పెడుతుంటే, డెవలపర్‌గా అందులో పాల్గొంటాడు. చిన్న ఆఫీసులో కస్టమర్‌తో మాట్లాడేదీ, రేటు కుదిర్చేదీ, ఒక్కోసారి కోడ్ రాసేదీ ఆ ఒక్క మనిషే. ఆయన్ని బయట పెడితే 'బిల్లులో జీఎస్టీ వస్తువు వారీగా చూపాలా, మొత్తం మీదనా' అన్న చిన్న ప్రశ్నకు సాయంత్రం దాకా పని ఆగిపోతుంది. ఆయన ఉండనీండి, అడిగితేనే మాట్లాడాలి. వరసగా మనుషుల్ని అడిగే పద్ధతి మానేసి, పనులన్నీ కార్డులుగా ఎడమ నుంచి కుడికి జరిగే బోర్డులో కుడి చివరి నుంచి, అంటే దాదాపు పూర్తయిన కార్డు నుంచి మొదలుపెట్టండి. చూపు ఓనరు మీది నుంచి బోర్డు మీదికి పోతుంది.

వేరుశనగ_అనంత:
మీరిద్దరూ మీటింగు దగ్గరే ఆగిపోయినారు. అసలు చిక్కు ఒకేసారి నెత్తికెత్తుకునే పనుల్లో ఉంది. బోర్డు మీద 18 కార్డులు నడుస్తూ, వారానికి 6 పూర్తవుతుంటే ఒక్కో పనికి సగటున 3 వారాలు పడుతుంది. నడిచే పనుల్ని వారానికి పూర్తయ్యే వాటితో భాగించే ఈ లెక్కను లిటిల్ సూత్రం అంటారు. నడిచేవి 9కి తగ్గించి, అదే 6 పూర్తయితే వారంన్నర చాలు. విత్తనాల డీలర్లకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చేసే ఆఫీసుకు ఖరీఫ్ మొదలవగానే ఫోన్లు ఆగవు, రెండు వారాల స్ప్రింట్ మాట మూడో రోజుకే తప్పుతుంది. ఫోన్లకు వారానికొకరిని వంతు పెట్టండి. మిగతావాళ్లకు 'నడుస్తున్నవి' గడిలో హద్దు గీయండి. ఓనరు పదో కార్డు తెస్తే, ఏది వెనక్కి పెట్టాలో ఆయనే చెప్పాలి. ఎజైల్ నిలిచేదీ కూలేదీ అక్కడే.

బురుజు_కర్నూలు:
హద్దు మంచిదే అప్పా, ఒప్పుకుంటా. కానీ 'సార్, దేన్ని ఆపాలి' అని అడిగేదెవరు? జేఎన్‌టీయూ నుంచి నిన్నగాక మొన్న వచ్చిన పిల్లోడు అడగలేడు. మన ఊళ్లలో ఓనరు చాలాసార్లు బంధువో, నాన్న స్నేహితుడో అయ్యుంటాడు. ఎదురు అడగడం అమర్యాద అనుకుంటారు. అందుకే నియమాన్ని ఓనరే తన చేత్తో రాసి బోర్డు పక్కన అంటించాలి. అప్పుడు పిల్లోడు చూపించేది ఆయన మాటనే. రెట్రోస్పెక్టివ్‌లో (స్ప్రింట్ చివర ఏం మార్చుకోవాలో మాట్లాడుకునే మీటింగు, పొట్టిగా రెట్రో) కూడా పేర్లు లేని చీటీలు వాడండి. స్ప్రింట్‌కు ఒక్క మార్పే ఎంచుకోవాలి. ఓనరు రెండు రోజుల్లో అవుననో కాదనో, కారణంతో చెప్పాలి. జవాబు రాకపోతే మూడో రెట్రోకి చీటీలన్నీ ఖాళీగా వస్తాయి. ఇంకొకటి, స్టోరీ పాయింట్లను (పని ఎంత పెద్దదో టీమ్ అంచనాగా వేసే అంకెలు) జీతం ఇంక్రిమెంట్‌కు ముడిపెట్టొద్దు. నిన్న 3 అన్న పనిని రేపు 8 అంటారు. అంకె పెరుగుతుంది, పని అంతే ఉంటుంది.

పెన్నా_కడప:
చేతిరాత నియమం బాగుంది, చీటీలూ బాగున్నాయి. ఓనర్ని బయట పెట్టడానికి మాత్రం ఇంకా ఒప్పుకోను. ఒక లెక్క పెట్టి చూడండి. రెండు వారాలు ఆయన్ని ఉంచి, రెండు వారాలు లేకుండా, 'ఆగిపోయింది' అన్న మాట స్టాండప్‌లో ఎన్నిసార్లు వచ్చిందో బోర్డు మూలన గీతలు గీయండి. తొమ్మిది మంది ఉన్నచోట పది రోజుల్లో ఒక్క గీతా పడలేదంటే వాళ్లకు అడ్డంకులు లేవని కాదు, భయం ఉందని. ఆయన ఉన్న వారాల్లోనే ఆ సున్నా వస్తే మీ మాటే నెగ్గినట్టు.