ఒకటే ల్యాప్‌టాప్: చెల్లి జర్మన్‌కి, నాన్నగారి బ్యాంకుకి ఏ ఎక్స్‌టెన్షన్లు ఉంచాలి?

పాలకొల్లు_కాలవగట్టు:
ఇంట్లో ఉన్నది ఒకటే ల్యాప్‌టాప్ అండి, బ్రౌజర్ క్రోమ్. నర్సింగ్ అయిన చెల్లి దాంట్లోనే జర్మన్ నేర్చుకుంటోంది, రొయ్యల మేత డబ్బులు నాన్నగారు దాంట్లోంచే కడతారు. బ్రౌజర్‌కి తగిలించే చిన్న ప్రోగ్రాములు, అదే ఎక్స్‌టెన్షన్లు, మూడు వేద్దామనుకుంటున్నాం: సబ్‌టైటిల్స్‌కి లాంగ్వేజ్ రియాక్టర్, రాతలో తప్పులు చూడ్డానికి లాంగ్వేజ్‌టూల్, ప్రకటనలు ఆపడానికి యూబ్లాక్. ‘అన్ని వెబ్‌సైట్లలో మీ డేటాను చదవడం, మార్చడం’ అని అనుమతి అడిగితే ఒప్పుకోవచ్చా?

భీమవరం_రెండోటౌన్:
ఆ మాటకి అర్థం అక్షరాలా అదేనండి. పేజీలో కనబడేదీ, మీరు టైపు చేసేదీ అంతా దానికి అందుతుంది, బ్యాంకు పేజీతో సహా. ముందు ప్రొఫైళ్లు విడదీయండి, అంటే ఒకే క్రోమ్‌లో ఎవరి సెట్టింగులు, ఎక్స్‌టెన్షన్లు వాళ్లకి వేరుగా ఉంచడం. పైన కుడివైపు గుండ్రటి బొమ్మ నొక్కితే కొత్త ప్రొఫైల్ పెట్టుకోవచ్చు. ఇందులో వేసింది అందులోకి రాదు. కాకపోతే రెండిట్లోనూ ఒకే గూగుల్ ఖాతా పెట్టొద్దు, ఎవరిది వాళ్లకి వేరుగా ఉంచండి.

చెల్లి ప్రొఫైల్లో కూడా ఎక్స్‌టెన్షన్ డీటెయిల్స్‌లోకి వెళ్లి, సైట్ యాక్సెస్ దగ్గర ‘ఆన్ క్లిక్’ పెట్టండి, అంటే నొక్కినప్పుడే పనిచేస్తుంది. లాంగ్వేజ్ రియాక్టర్‌కైతే యూట్యూబ్, నెట్‌ఫ్లిక్స్ చాలు.

రాజోలు_కొబ్బరాకు:
భాష సంగతికొస్తే, లాంగ్వేజ్ రియాక్టర్‌లో రెండు భాషల సబ్‌టైటిల్స్ ఒకేసారి కనబడతాయి. ఎస్ కొడితే అదే వాక్యం మళ్లీ వస్తుంది, ఏ వెనక్కి, డి ముందుకి. మనుషులు రాసిన జర్మన్ సబ్‌టైటిల్స్ ఉన్న వీడియోలే ఎంచుకోండి, యంత్రం పుట్టించినవాటిలో వాక్యం మధ్యలో తెగిపోతుంది.

పదం మీద మౌస్ పెట్టి వచ్చిన అర్థాన్ని గుడ్డిగా నమ్మొద్దు. ‘ఇష్ రూఫె డిష్ ఆన్’లో రూఫె ఒక్కటే చూస్తే పిలవడం, కేకేయడం. చివరున్న ‘ఆన్’ కలిపితేనే ఫోన్ చేయడం. క్రియ తోక వాక్యం చివర వేలాడుతుందన్నమాట. మన ‘అని’ లాంటి ‘దాస్’ (dass)తో మొదలయ్యే ఉపవాక్యాల్లో క్రియ మొత్తం చివరికే పోతుంది, అది మాత్రం మనకి అలవాటే!

నామవాచకం ముందు లింగాన్ని బట్టి వచ్చే డెర్, డీ, దాస్ (das) పొరపాట్లు లాంగ్వేజ్‌టూల్ బాగానే పట్టుకుంటుంది. రాసింది వాళ్ల సర్వర్‌కి వెళ్తుంది కాబట్టి పాస్‌పోర్టు నంబరుండే ఫారాల దగ్గర ఆపెయ్యండి.

అమలాపురం_లాకులు:
ఈ రోజు మంచిదైన ఎక్స్‌టెన్షన్ రేపు చేతులు మారొచ్చు. వాడని ట్యాబ్‌లని నిద్రపుచ్చే గ్రేట్ సస్పెండర్ అనే ఎక్స్‌టెన్షన్ అలాగే అమ్ముడైంది, 2021 ఫిబ్రవరిలో గూగుల్ దాన్ని మాల్వేర్ (హాని చేసే ప్రోగ్రాం) అని తీసేసింది. అప్‌డేట్ కొత్త అనుమతి అడిగితే క్రోమ్ ఆపి మిమ్మల్ని అడుగుతుంది. ముందే అన్ని సైట్లూ ఇచ్చేసుంటే ఇక అడగడానికేముంది?

క్రోమ్‌లో ఇప్పుడు యూబ్లాక్ ఆరిజిన్ లైటే దిక్కు. పూర్తి యూబ్లాక్ ఆరిజిన్ ఫైర్‌ఫాక్స్ అనే బ్రౌజర్‌లో నడుస్తోంది. ‘ఆరిజిన్’ అన్న మాట లేని యూబ్లాక్ వేరే సరుకు, జాగ్రత్త. నాన్నగారి ప్రొఫైల్లో పాస్‌వర్డులు దాచిపెట్టే బిట్‌వార్డెన్ ఒక్కటి చాలు. బ్యాంకు సైట్లో అది పాస్‌వర్డ్ చూపించలేదంటే నకిలీ సైటేమోనని ముందు అడ్రస్ బార్‌లో అక్షరాలు సరిచూడండి, తొందరపడి చేత్తో కొట్టెయ్యొద్దు.

పాలకొల్లు_కాలవగట్టు:
చెల్లి ఆండ్రాయిడ్ ఫోన్‌లో కూడా ఇవి పనిచేస్తాయా అండి?

అమలాపురం_లాకులు:
ఫోన్ క్రోమ్‌లో ఎక్స్‌టెన్షన్లు పడవండి. ఫైర్‌ఫాక్స్ వేసి, మెనూలో ఎక్స్‌టెన్షన్లలోకి వెళ్తే యూబ్లాక్ ఆరిజిన్ దొరుకుతుంది.