పక్కన కూర్చున్న అమ్మాయితో మాట్లాడటం ఏ రోజు మానేశారు?

అమ్మ_నంద్యాల అడిగారు:

మా పాప తొమ్మిదో తరగతి, సీబీఎస్ఈ. సోషల్‌లో నాజీజం పాఠం చదివిస్తున్నా. జర్మన్ పిల్లలూ యూదు పిల్లలూ కలిసి కూర్చోకూడదు, ఆడుకోకూడదు అన్నారని ఒక ముక్క, తర్వాత బడి నుంచే వెళ్ళగొట్టారని ఇంకో ముక్క, అంతే, పాఠం ముందుకు వెళ్ళిపోతుంది. పాప మాత్రం అక్కడే ఆగిపోయింది. "నిన్నటిదాకా పక్కన కూర్చున్న అమ్మాయితో ఇవాళ మాట్లాడొద్దంటే ఎలా మానేస్తారమ్మా? ఇంటికొచ్చాక ఆడుకోవచ్చు కదా?" అంది. అరవై లక్షల మంది యూదుల్ని చంపారని నాకూ తెలుసు గానీ, దానికి ముందు ఆ పిల్లల మధ్య ఏం జరిగిందో ఎప్పుడూ ఆలోచించలేదు. తెలిసినవాళ్ళు చెప్పండి. మార్కుల కోసం కాదు.

రిటైర్డ్_సోషల్_మాస్టారు:

అమ్మా, పాప అంటున్న ఆ "ఇవాళ" ఒక్క రోజు కాదు, ఐదారేళ్ళు పట్టింది. 1933 జనవరి 30న హిట్లర్ జర్మనీ ఛాన్సలర్ (మన ప్రధాని లాంటి పదవి) అయ్యాడు. ఏప్రిల్ 1న యూదుల దుకాణాల్లో ఏమీ కొనొద్దని గుమ్మాల ముందు మనుషుల్ని నిలబెట్టారు. వారం తిరిగేసరికి ప్రభుత్వ ఉద్యోగుల చట్టం వచ్చి యూదు టీచర్లు చాలామంది ఇంటికి పోయారు. ఏప్రిల్ 25న వచ్చిన చట్టం పేరు చూడండి, బడుల్లో "రద్దీ" తగ్గించడానికట! హైస్కూళ్ళలో, కాలేజీల్లో కొత్తగా చేరేవాళ్ళలో యూదులు నూటికి ఒకటిన్నర మించకూడదు. మొదటి ప్రపంచ యుద్ధంలో ముందు వరసలో పోరాడినవాళ్ళ పిల్లలకి మాత్రం మినహాయింపు. ఆ మినహాయింపే చాలా ఇళ్ళలో పెద్ద భ్రమ పుట్టించింది, నాన్న దేశం కోసం పోరాడాడు కదా, మనల్నేం చేస్తారులే అని.

ఇంకోటి, అప్పటికి జర్మనీ జనాభాలో యూదులు నూటికి ఒక్కరు కూడా లేరు. అంటే చాలా తరగతుల్లో ఒకరో ఇద్దరో. మిగతా పిల్లలు పదేళ్ళు రాగానే హిట్లర్ యువజన దళంలో చేరి యూనిఫాం వేసుకుని, క్యాంపులకీ పాటలకీ వెళ్తుంటే ఆ ఒక్క పిల్లని మాత్రం అందులోకి రానివ్వరు. మర్నాడు క్లాసులో అందరూ ఆ కబుర్లే చెప్పుకుంటుంటే తను ఏం మాట్లాడుతుంది? 1938 నవంబరు 9 రాత్రి ప్రార్థనా మందిరాలు తగలబెట్టారు, దుకాణాల అద్దాలు పగలగొట్టారు, దాదాపు 30 వేల మంది యూదు మగవాళ్ళని నిర్బంధ క్యాంపులకి పట్టుకుపోయారు. ఆరు రోజులకి, నవంబరు 15న, మిగిలిన యూదు పిల్లల్ని కూడా ప్రభుత్వ బడుల నుంచి తీసేశారు.

బెర్లిన్_బాచిలర్:

మాస్టారు బడి సంగతి చెప్పారు, నేను "ఇంటికొచ్చాక ఆడుకోవచ్చు కదా" దగ్గరికి వస్తా. ఇక్కడ బెర్లిన్‌లో, షోనెబెర్గ్ అనే ప్రాంతంలో బవేరియన్ క్వార్టర్ అనే పేట ఉంది, ఒకప్పుడు యూదు కుటుంబాలు చాలా ఉండేవి. ఇప్పుడు అక్కడ దీపస్తంభాలకి 80 బోర్డులు కట్టి ఉంటాయి, 1993లో పెట్టారు. ఒక వైపు మామూలు బొమ్మ, రొట్టె, పిల్లి, ఈత నిక్కరు, కిండర్‌గార్టెన్ గోడ మీద వేసినట్టు ముద్దుగా ఉంటాయి. రెండో వైపు తిప్పి చూస్తే అప్పటి ఉత్తర్వు. యూదులు బెర్లిన్ ఈత కొలనుల్లోకి రాకూడదు, 1938 డిసెంబరు. ఈ పార్కులో పసుపు రంగు బెంచీల మీదే కూర్చోవాలి, 1939. సాయంత్రం నాలుగు నుంచి ఐదు లోపే సరుకులు కొనుక్కోవాలి, 1940. పిల్లినీ కుక్కనీ పెంచుకోకూడదు, 1942. ఇంకో బోర్డు మీద తొక్కుడుబిళ్ళ గడులు. వెనక ఏముందంటే, ఆర్య, ఆర్యేతర పిల్లలు (నాజీల భాషలో జర్మన్, యూదు పిల్లలనే) కలిసి ఆడుకోవడం నిషేధం, 1938. మొదటిసారి కూరగాయలకని వెళ్తూ అది చదివి కాసేపు అక్కడే నిలబడిపోయా.

స్నేహితురాలిని ద్వేషించమని పిల్లలకి చెప్పినా చెప్పకపోయినా, ఇద్దరూ కలుసుకునే చోట్లు ఒక్కొక్కటీ తీసేస్తూ పోయారు. కొలను పోయింది, సినిమా పోయింది, బెంచీ పోయింది. ఇక ఎక్కడ ఆడుకుంటారు?

గోదారి_గట్టు:

బ్రో, బోర్డుల సంగతి బావుంది, కానీ అంతా ఉత్తర్వుల మీదకి నెట్టేస్తే పక్కింటివాళ్ళు తేలిగ్గా తప్పించుకుంటారు. యూదులతో బయట స్నేహంగా కనబడే జర్మన్లని మూడు నెలల దాకా నిర్బంధించవచ్చని ఉత్తర్వు వచ్చింది 1941 అక్టోబరులో. అప్పటికి నెలక్రితమే ఆరేళ్ళు దాటిన ప్రతి యూదు పిల్లాడూ బట్టల మీద పసుపు నక్షత్రం కుట్టుకోవాలన్నారు. అంటే అప్పటికీ నక్షత్రం ఉన్నవాళ్ళని రోడ్డు మీద పలకరించేవాళ్ళు ఇంకా ఉన్నారు, లేకపోతే ఆ ఉత్తర్వు ఎందుకు? మరి 1933లోనే పుట్టినరోజుకి పిలవడం మానేసిన ఇళ్ళని ఏ చట్టం ఆపింది? నాన్న ఉద్యోగం పోతుందేమో, ఎదురింటివాళ్ళు ఏమనుకుంటారో, అంతే. అది కూడా పాపకి చెప్పండి మేడమ్. మన వీధిలో అయితే ఎవరు ముందు తలుపేసుకుంటారో నాకు తెలుసు, మీకూ తెలుసు.

చదువుల_చెల్లి:

రెండు వైపులా యూదు పిల్లలే అయిన స్నేహం ఒకటి చెప్తా, పాపకి పేరు తెలిసే ఉంటుంది. అన్నే ఫ్రాంక్, హన్నా గోస్లర్. ఇద్దరి కుటుంబాలూ జర్మనీ వదిలి ఆమ్‌స్టర్‌డాం వచ్చాయి, ఇళ్ళు పక్కపక్కనే, బడి ఒకటే. 1940 మేలో జర్మన్ సైన్యం నెదర్లాండ్స్‌కీ వచ్చింది. 1941లో యూదు పిల్లలకి బడులు వేరు చేశారు, ఇద్దరూ యూదు లైసియంకి (హైస్కూలు) మారారు. 1942 జులైలో హన్నా జామ్ చేయడానికి త్రాసు అడుగుదామని అన్నే వాళ్ళింటికి వెళ్తే వాళ్ళు లేరు, స్విట్జర్లాండ్ వెళ్ళిపోయారని అక్కడ అద్దెకున్నాయన చెప్పాడు. నిజానికి అదే ఊళ్ళో దాక్కున్నారు.

తర్వాత రెండు కుటుంబాలూ పట్టుబడ్డాయి. మళ్ళీ కలిసింది 1945 మొదట్లో, జర్మనీలోని బెర్గెన్-బెల్సెన్ నిర్బంధ క్యాంపులో, ముళ్ళకంచెకి అటూ ఇటూ. కంచె నిండా గడ్డి కుక్కారు, మాట వినపడుతుంది గానీ మనిషి కనబడదు. హన్నా తినేవి మూటకట్టి కంచె మీదుగా విసిరితే వేరే ఆవిడ లాక్కుపోయింది. అన్నే ఏడ్చింది. ఇంకోసారి విసిరితే అందింది. అన్నే అక్కడే చనిపోయింది. హన్నా బతికి, జెరూసలేంలో నర్సుగా పనిచేసి, 2022లో 93 ఏళ్ళకి పోయారు.

అమ్మ_నంద్యాల:

అందరికీ థాంక్స్ అండీ. అన్నీ చదివి వినిపించా. గోదారి_గట్టు గారూ, మీ మాటకి మా ఆయన కాసేపు ఏమీ అనలేదు. పాప మాత్రం ఒక్కటే అడుగుతోంది, ఆ రెండోసారి మూటలో ఏముందని. చదువుల_చెల్లి గారూ, తెలిస్తే చెప్పండి. బెర్లిన్ బాబూ, వీలైతే ఆ తొక్కుడుబిళ్ళ బోర్డు ఫొటో పెట్టవా, రెండు వైపులా.