చలి ఉదయాల్లో కర్రల పొయ్యి త్వరగా అంటుకోవాలంటే ఏం చేస్తున్నారు?

గజపతినగరం కోడలు
అందరికీ నమస్కారం. మాది గజపతినగరం దగ్గరి పల్లె. వంట గ్యాసు మీదనే అవుతుంది గానీ, స్నానాల నీళ్లకూ పశువుల కుడితికీ పెరటి వసారాలో ఇటుకలతో కట్టించిన కర్రల పొయ్యినే వాడుతున్నాము. దాని సిమెంటు గొట్టం పైకప్పు దాటి పోతుంది. వేసవిలో ఏ ఇబ్బందీ ఉండదు. ధనుర్మాసం మొదలైనప్పటి నుంచి మాత్రం పుల్లలు అంటుకున్నట్టే అంటుకుని ఆరిపోతున్నాయి, పొగంతా వసారాలోకే తిరిగి వస్తున్నది. ఊదుగొట్టంతో ఊదీ ఊదీ మా అత్తగారికి ఆయాసం వస్తున్నది. కిరోసిను పోయకుండా మీ ఇళ్లలో ఎలా రాజేస్తున్నారో దయచేసి చెప్పగలరు.

నాగావళి ఒడ్డు
అమ్మా, మీరు చెప్పినవి రెండు వేర్వేరు సమస్యలు. పొగ వెనక్కి రావడానికి కారణం గొట్టం. గొట్టంలోని గాలి బయటి గాలి కంటే వేడిగా ఉన్నప్పుడే అది పైకి లేచి పొయ్యిలోని పొగను లాగుతుంది. రాత్రంతా చలికి గొట్టం చల్లబడితే, అందులోని బరువైన గాలి బిరడాలా కూర్చుంటుంది. అప్పుడు కింద మంట పెడితే ఆ పొగకు మీ వసారా తప్ప వేరే దారి ఉండదు. అందువల్ల పొయ్యి రాజేయడానికి ముందు, గొట్టం మొదలయ్యే రంధ్రం దగ్గర ఒక ఎండు తాటాకునో నలిపిన కాగితాన్నో వెలిగించి, ఆ మంట లోపలికి వంగేదాకా ఆగండి. మంట లోపలికి వంగిందంటే లాగుడు మొదలైనట్టే. గొట్టంలో మసి పేరుకుని ఉంటే ఈ ఉపాయమూ సరిగా పనిచేయదు కనుక, చలికాలానికి ముందే ఒకసారి దులిపించండి.

రెండవది తడి. పచ్చి కర్రలో సుమారు సగం బరువు నీరే ఉంటుంది. ఆ నీరు ఆవిరయ్యేదాకా కర్ర వేడి నూరు డిగ్రీల దగ్గరే నిలిచిపోతుంది. కర్ర నుంచి వచ్చే వాయువులు మండాలంటే అంతకు ఎంతో ఎక్కువ వేడి కావాలి. ఎండిన కర్ర కూడా రాత్రి ఆరుబయట మంచులో ఉంటే పైపొర చెమ్మగిల్లుతుంది. పెద్ద దుంగకు అది పెద్ద నష్టం కాదు, చిదుగులకు మాత్రం అంతా పైపొరే.

గోగుచేను
ఇన్ని మాటలెందుకు, విజయనగరం జిల్లాలో ఉండి గోగుపుల్లల సంగతి ఎవరూ ఎత్తకపోవడం నాకు వింతగా ఉంది. చెరువులో నానబెట్టి నార ఒలిచిన తరువాత మిగిలే తెల్లని పుల్లలు ఎండితే తేలికగా, లోపల బెండులా ఉంటాయి, అగ్గిపుల్లకే అంటుకుంటాయి. గుప్పెడు పుల్లలను విరిచి, గాలి ఆడేటట్టు ఒకదానిపై ఒకటి అడ్డంగా పేర్చి, వాటి మీద వేలి లావు చీలికలు, ఆపైన పేళ్లు పెడితే ఊదవలసిన పనే రాదు. ఇప్పుడు గోగు వేసేవారు తగ్గిపోయారన్నది నిజమే. దొరకని చోట కందికంప వాడండి.

ఉద్దానం వాసి
మా సోంపేట వైపు ఆ పని కొబ్బరి పీచు చేస్తుంది. పీచు మీద కొబ్బరి చిప్ప ముక్కలు రెండు పెడితే, అవి ఆగి ఆగి మండుతూ కర్రకు నిప్పు అందిస్తాయి. కొత్తవారు జీడిపిక్కల తొక్కలను చూసి మోజు పడతారు గనుక ఒక హెచ్చరిక: వాటిలోని నూనె వల్ల మంట చాలా జోరుగా వస్తుంది, కానీ ఆ నూనె చర్మం మీద పడితే బొబ్బలు లేస్తాయి, పొగ కళ్లనూ గొంతునూ మండిస్తుంది. ఇంటి పొయ్యిలో వద్దు.

2018 అక్టోబరులో తిత్లీ తుపానుకు మా తోటలో కూలిన చెట్లను కొట్టించి, కొంత కర్రను రేకుల కింద, కొంత ఆరుబయట పేర్చాము. రేకుల కింద నేలకు తగలకుండా పేర్చిన జీడిమామిడి కర్ర చక్కగా మండింది. ఆరుబయటి కర్ర వానలకు నాని, పుచ్చి, పొగ తప్ప ఇంకేమీ ఇవ్వలేదు. కొబ్బరి మొద్దు సంగతి చెప్పనే అక్కరలేదు.

భోగాపురం తీరం
సరుగుడు కర్ర దొరికితే వేరే ఆలోచన వద్దు. కొంచెం పచ్చిగా ఉన్నా మండే కర్ర అది. చెట్ల కింద రాలిన ఎండు సరుగుడు ఆకులను గోనెసంచిలో నింపి వసారాలో ఉంచుకుంటే రాజేయడానికి సరిపోతాయి.

గోగుచేను
సరుగుడు ఆకు గుప్పున మండి గుప్పున ఆరిపోతుంది. దాని మీద నేరుగా లావు కర్ర పెడితే లాభం లేదు, నడుమ పుల్లలు ఉండాలి.

నాగావళి ఒడ్డు
ఊదుగొట్టం గురించి కూడా ఒక మాట. మంట చిన్నగా ఉన్నప్పుడు గట్టిగా ఊదితే, వచ్చిన కాస్త వేడినీ చల్లగాలి ఎగరగొడుతుంది. కణికలు ఎర్రబడిన తరువాత, మంట మీద కాకుండా వాటి అడుగున, నెమ్మదిగా ఊదాలి. బెరడు ఉన్న గుండ్రని కర్ర కంటే గొడ్డలితో చీల్చిన పేడు త్వరగా అంటుకుంటుందని అత్తగారికి చెప్పండి.

గజపతినగరం కోడలు
అందరికీ ధన్యవాదాలు. గొట్టం రంధ్రం దగ్గర తాటాకు వెలిగిస్తే పొగ నిజంగానే పైకి పోతున్నది. చిదుగులను రాత్రి పూట పొయ్యి గట్టు మీదనే ఉంచుతున్నాను. పొద్దున మళ్లీ రాజేసే పని లేకుండా, రాత్రి కణికల మీద బూడిద కప్పి ఉంచవచ్చునా?

ఉద్దానం వాసి
ఉంచవచ్చును. గాలి తగలక, కణికలు తెల్లవారేదాకా నివురు కింద నిలుస్తాయి. వాటి మీద పీచు పెట్టి ఊదితే చాలు. అయితే కణికల నుంచి వచ్చే విషవాయువుకు వాసన కూడా ఉండదు కనుక, ఆ వసారాకు తలుపులు వేసి ఎవరూ పడుకోకూడదు. గట్టు మీద పెట్టిన చిదుగులను కూడా కణికలకు దూరంగా జరపండి. ఎత్తిన బూడిదను గడ్డివాము వైపు పారబోయకండి, మరునాటికి కూడా అందులో నిప్పు ఉండవచ్చు.